ప్రసాదరావు సారు సర్వరు, మా అమ్మ రోకలి

మొన్న ప్రసాదరావు సారు పోయారు. శేరిలింగంపల్లిలో వాళ్ల ఫ్లాట్ల కింద షామియానా వేసి కుర్చీలు పరిచారు. నేనూ డేనియలూ ఒక మూలన కూర్చున్నాం. ఆయనతో పనిచేసినవాళ్లు ఒక్కొక్కరే లేచి నాలుగు మాటలు చెబుతున్నారు. "ఇన్నేళ్లలో ఆయన గొంతు పెద్దది కాగా మేం వినలేదండి" అన్నారు ఒకరు. "చేయెత్తడం మాట అటుంచండి, ఎవరినీ వేలెత్తి చూపించి కూడా ఎరగరు" అన్నారు ఇంకొకరు. నేను డేనియల్ వంక చూశాను. డేనియల్ షామియానా గుంజ వంక చూస్తున్నాడు, అది గట్టిదా కాదా అని తేల్చాల్సిన బాధ్యత తన మీదే ఉన్నట్టు. నాకు నవ్వొచ్చింది. చావింట్లో వచ్చే నవ్వుకి, కారం దంచేటప్పుడు వచ్చే తుమ్ముకి మందు లేదు. దగ్గినట్టు నటిస్తూ బయటికొచ్చేశాను. వెనకాలే డేనియల్ వచ్చాడు. "నవ్వకు మల్లేశ్, జర సిగ్గుండాలె" అని నాకంటే ముందు తనే నవ్వాడు. తర్వాత ఇద్దరం గేటు పక్కన నిలబడి ఏడ్చాం, అది వేరే సంగతి. లోపలివాళ్లు చెప్పేది అబద్ధమేమీ కాదు, వాళ్లకు తెలిసినంత వరకూ నిజమే. కానీ ఆ మనిషి చేయెత్తాడు. ఒక్కసారి ఎత్తాడు. ఎత్తిన చేతిలో మా అమ్మ రోకలి ఉంది.

మా ఇల్లు మాదాపూర్‌లో ఉండేది. ఇప్పుడు అక్కడ ఒక పెద్ద దుకాణంవాళ్లు కార్లు నిలుపుకుంటున్నారు. మా వంటిల్లు ఉన్నచోట ఏముందో చూద్దామని ఒకసారి పోతే, నల్లద్దాల బండి ఒకటి సరిగ్గా మా పొయ్యి మీద కూర్చుని ఉంది. అప్పుడు మాత్రం రేకుల కప్పు, ముందొక గది, నడుమ వంటిల్లు, వెనక కిరాయికి ఇచ్చే గది, చుట్టూ బండలు. కంప్యూటరు కంపెనీల కోసం కట్టిన ఆ గుండ్రటి బిల్డింగు లేచిన కొత్త అది. దాని పక్కన ఇంకొకటి లేవాలంటే ముందు బండ పడాలి. పడగొట్టే పని మా నాయినది. బండకు బొక్కలు వేసి, మందు కూరి, వత్తి అంటించి ఉరికేవాడు. సందు మొగలో ఎర్రగుడ్డ పట్టుకున్న మనిషి విజిల్ ఊదగానే అమ్మ పొయ్యి మీది గిన్నెకు మూత పెట్టేది, గూట్లోని గాజు గ్లాసులు తీసి బియ్యం డబ్బాలో గుచ్చేది. భూమి కింది నుంచి ఒక తన్ను తన్నేది. ఆ వెనకాలే రేకుల మీద రాళ్ల వాన. రాయి పగిలితే ఒక వాసన వస్తుంది. అగ్గిపెట్టెడు పుల్లలు ఒక్కసారే అంటించినట్టు ఉంటుంది. నాయిన సాయంత్రం ఆ వాసన తొడుక్కునే ఇంటికొచ్చేవాడు. ఆయన ఎడమచేతికి చిటికెన వేలు లేదు. "ఏడ బోయింది నాయినా?" అని చిన్నప్పుడు అడిగితే, "పనికి పోయింది, మళ్ల రాలె" అనేవాడు. నాకు ఈ నోరు ఎక్కడిదని అడిగేవాళ్లకు ఇంతకంటే సాక్ష్యం లేదు.

అమ్మ కారం దంచి హోటళ్లకు పోసేది. నాయిన బయట బండలు పగలగొడితే అమ్మ ఇంట్లో మిరపకాయల పని పట్టేది. మా అమ్మ రోకలి అంటే మామూలు రోకలి కాదు, నిలువెత్తు తుమ్మకర్ర, కొసకు ఇనుప పొన్ను. ఆమె దాన్ని ఒంటిచేత్తో ఎగరేసి రెండో చేత్తో పట్టేది, మాట్లాడడం ఆపకుండా. వీధిలో పోయేవాళ్లు మా ఇంటి ముందుకు రాగానే కొంగులు, రుమాళ్లు ముక్కులకు అడ్డం పెట్టుకునేవాళ్లు. మా ఇంటి గుర్తు అదే, తుమ్ము వచ్చిన చోట కుడివైపు. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా లెక్కల సారు "బయటికి పో" అన్నారు. ఎంత దూరం పోవాలో చెప్పలేదు. నేను ఇంటిదాకా వచ్చేశాను. ఆ సాయంత్రం నాయిన నన్ను తన్నాడు. పనిలో మందు కొలిచి పెట్టే మనిషే గాని, ఇంట్లో ఆయన చేతికి కొలత ఉండేది కాదు. తన్నడం అయ్యాక పక్కన కూర్చుని, నా వీపుకు తనే కొబ్బరినూనె రాస్తూ, "ఇగ ఏం జేస్తవ్ రా?" అన్నాడు. కొన్నేళ్లు ఏదేదో చేశాను. చివరికి మా ముందుగదిలోనే ఎస్టీడీ బూత్ పెట్టుకుని, గాజు తలుపు వెనక జనం ఏడుస్తుంటే బయట కూర్చుని వినిపించనట్టు ఉండడం నేర్చుకున్నాను.

వెనకగదిలో కిరాయికి దిగిన మనిషే ప్రసాదరావు సారు. తెనాలి వైపు మనిషి, ఆ గుండ్రటి బిల్డింగులో ఉద్యోగం. మా అమ్మను "అక్కగారూ" అనేవారు. మా కుక్కను కూడా "కాస్త జరుగమ్మా" అనేవారు. ఆఫీసులో రాసే ప్రోగ్రాములు జీతానికి. ఇంటికొచ్చి తన సరదాకి ఒక సర్వరు ప్రోగ్రాము రాసుకున్నారు, న్యూస్‌గ్రూపులు నడిపేది. చదువుకోనివాణ్ని కాబట్టి నాకు అర్థమైనట్టే చెబుతాను. ఒకడు ఒక మాట రాసి పోతాడు. ఇంకొకడు తన ఇంటి నుంచో ఆఫీసు నుంచో ఫోను లైను కలిపి అది చదివి, దాని కింద జవాబు రాస్తాడు. ఆ జవాబుకు ఇంకో జవాబు. అంతే. మొహాలు కనబడవు, గొంతులు వినబడవు. ఆ యంత్రం మా ముందుగదిలో, నా బల్ల పక్కన ఉండేది, ఎందుకంటే ఫోను లైన్లు అక్కడే. సారు ఆఫీసుకు పోయాక దాన్ని చూసుకోవడం నా పని. చూసుకోవడమంటే పడిపోతే లేపడం. తెర బిగుసుకుపోతుంది, లోపల ఉన్నవాళ్లందరూ తెగిపోతారు, వాళ్లు అప్పుడే రాసినవన్నీ గాలికి పోతాయి. నేను మళ్లీ మీట నొక్కి లేపుతాను, ఆ తర్వాత అందరూ నాకు ఫోను చేసి తిడతారు. జీతం సారు ఇచ్చేవారు, తిట్లు జనం ఇచ్చేవాళ్లు.

ఆ గ్రూపుల్లో బండల మీద ఒక గ్రూపు ఉండేది. అందులోకి వచ్చినవాడే డేనియల్. జీడిమెట్లలో ఒక మందుల ఫ్యాక్టరీ ల్యాబులో పని, వాళ్లమ్మ నర్సు. ఆదివారం చర్చి అయిపోగానే ఖాజాగూడ పోయి బండలెక్కేవాడు. ఫ్యాక్టరీ గాలికి వాడి దగ్గు తగ్గేది కాదు. కంప్యూటరు పని సొంతంగా నేర్చుకున్నాడు. సారుకు వాడంటే ముచ్చట. "మా పెద్దాయనకు మీ గురించి చెబుతానండి డేనియల్ గారూ. నెలాఖరుకి రండి, నేనే తీసుకెళ్తాను" అని మాటిచ్చారు. ఆ ఉద్యోగం వస్తే ఆ యాసిడ్ వాసన నుంచి బయటపడతాడు. రాకపోతే వాడి ఊపిరితిత్తుల గురించి వాళ్లమ్మకు వాడికంటే బాగా తెలుసు. సారు నోటి మాట ఒక్కటే వాడికున్న దారి.

ఖాజాగూడలో బర్రెబండ అని ఒకటుండేది, పడుకున్న బర్రెలాగే. దాన్ని పేల్చవద్దని డేనియల్ గ్రూపులో రాశాడు. దాని కింద శీనన్న జవాబు రాశాడు. శీనన్న అంటే మా నాయినకు పనిచ్చే కాంట్రాక్టరు తమ్ముడు. సైటు ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చుని, పని చేయించడం తప్ప అన్నీ చేసేవాడు. "బండను కాపాడితే బువ్వ పెడుతదా?" అని రాశాడు. డేనియల్ "నీకు పెడుతలేదా మీ అన్న?" అని రాశాడు. ఇక చూసుకోండి. మొదట్లో పదిమంది చేరారు, చప్పట్లు కొట్టారు, రాళ్లు వేశారు. తర్వాత జనం విసుగెత్తి పోయారు, వీళ్లిద్దరే మిగిలారు. "నీ మొహం తీసుకుపోయి అదే బండకేసి కొడతా" అని ఒకడు. "ముందు బండెక్కు, ఆ పొట్ట ఎక్కనిస్తే" అని ఇంకొకడు. "బొక్క వేసి, మందు కూరి నిన్నే పేలుస్తా." "వత్తి అంటించడం వచ్చా నీకు, మీ అన్ననడిగి చెప్పు." నేను పొద్దున్నే బూత్ తెరవగానే చాయ్ తాగుతూ అవన్నీ అమ్మకు చదివి వినిపించేవాణ్ని. అమ్మ రోకలి ఆపకుండా వినేది. "ఒక్కడన్న ఒక్క రోజు నోరు మూసుకుంటె సచ్చిపోతడా?" అనేది. జవాబు రాయకుండా ఉండడమంటే ఓడిపోవడమని ఇద్దరి లెక్క. ఇద్దరూ ఓడిపోయే రకం కాదు.

అలా ఉండగా సర్వరు పడడం మొదలైంది. ఎప్పుడో ఒకసారి కాదు, రోజూ. సారు మొదట మా నాయిన మందును అనుమానించారు. భూమి అదురుడుకి యంత్రం లోపల ఏదో కదులుతోందని లారీ ట్యూబులో గాలి నింపి, దాని మీద పలక వేసి, పలక మీద యంత్రాన్ని కూర్చోబెట్టారు. విజిల్ వేస్తే నేను దానికి బొంత కప్పేవాణ్ని. నాయినకు ఇది పరువుతక్కువ అనిపించింది. "నేను బెట్టిన మందు నేను జూపిచ్చిన బండనే పగలగొడ్తది సారు. నీ డబ్బా జోలికి అదెందుకొస్తది?" అన్నాడు. ట్యూబు మీద తేలుతూ కూడా సర్వరు పడింది. అప్పుడు మా అమ్మ కారం మీద పడ్డారు. దుమ్ము లోపలికి పోతోందేమోనని మూత విప్పి, దులిపి, తుమ్మి, తడిగుడ్డ కట్టారు. అయినా పడింది. కరెంటు మీద అనుమానంతో దాన్ని సరిచేసే కొత్త పెట్టె తెచ్చారు. పడింది. పడినప్పుడల్లా సారు లేపి, "పరీక్ష" అని ఒక కొత్త మాట రాసి పంపేవారు. అది చక్కగా పోయేది. "చూశావా మల్లేశూ, ఇప్పుడు బానే ఉంది కదా" అనేవారు. రోజూ బాగానే ఉండేది, మళ్లీ పడేదాకా. ఆయన అన్నం తినడం తగ్గించేశారు. గడ్డం పెరిగింది. కుక్కను "జరుగు" అన్నారు, "అమ్మా" లేకుండా. అది చూసి అమ్మ భయపడింది.

శీనన్న కనిపెట్టాడు, కనిపెట్టానని అనుకున్నాడు. ఎర్రకళ్లతో మా బూత్‌కి వచ్చి బల్ల మీద చేత్తో కొట్టి, "సారు, మీ సర్వర్ ఎప్పుడు పడ్తుందో జూసిండ్రా? గా డేనియల్‌గాడు నాకు జవాబు రాసినప్పుడల్లా పడ్తుంది. రాయలేక పడేస్తుండు! ఆని మాట మీద నా జవాబే ఆఖరిది ఉంటే ఆనికి కండ్లమంట" అన్నాడు. సారు లెక్క చూసుకున్నారు. నేనూ చూశాను. నిజమే. ప్రతిసారీ పడే ముందు లోపల డేనియల్ ఉన్నాడు, శీనన్నకు జవాబు రాస్తూ ఉన్నాడు. ఇంకెవరు ఏం రాసినా పోతోంది. వాడు రాస్తేనే పడుతోంది. సారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. తర్వాత మెల్లగా, "నేను ఆ మనిషిని మా ఆఫీసుకి తీసుకెళ్దామనుకున్నానండి" అన్నారు. ఆ మాటలో డేనియల్ ఉద్యోగం అప్పటికే పోయింది. శీనన్న అక్కడితో ఆగలేదు. "ఆదివారం ఆన్ని ఈడికి పిలువుండ్రి. నా దగ్గర ఇద్దరు మంచి మనుషులున్నరు, సమ్మెట కొట్టేటోళ్లు" అన్నాడు. "కొట్టడాలు అవీ వద్దండి, అడుగుదాం" అన్నారు సారు. ఆ సాయంత్రానికల్లా శీనన్న ఫోన్లు చేసి, సర్వరు పడేసే దొంగ డేనియలేనని గ్రూపంతా అనిపించాడు. నేను డేనియల్‌కు ఫోను చేసి రావద్దని చెప్పాను. "నేను జెయ్యని పనికి నేనెందుకు దాసుకోవాలె మల్లేశ్? అందరి ముందర కూసుంట, అందరి ముందర రాస్త. పడకపోతె ఆయన నాకు సారీ చెప్తడు. ఆఫీసుకు గూడ తోల్కపోతడు" అన్నాడు. వాడి నమ్మకం చూస్తే ముద్దొచ్చింది, తల గోడకేసి కొట్టాలనీ అనిపించింది.

ఆదివారం మధ్యాహ్నం చర్చి బట్టల్లోనే వచ్చాడు, తెల్లచొక్కా, ఇస్త్రీ మడత. మా ముందుగదిలో శీనన్న, వాడి సమ్మెట మనుషులు ఇద్దరు, సారు, నేను. వంటింటి గడపలో అమ్మ, రోకలి గోడకు ఆనించి చెమట తుడుచుకుంటోంది. లోపల నాయిన నిద్రపోతున్నాడు. డేనియల్ అందరికీ నమస్కారం పెట్టి నా కుర్చీలో కూర్చున్నాడు. "నేను ముట్టుకునే ముందే ఒకసారి జూసుకోండ్రి సార్, మంచిగ నడుస్తుందా?" అన్నాడు. సారు "పరీక్ష" అని పంపారు. పోయింది. డేనియల్ శీనన్న ఆఖరి తిట్టును తెరిచి, దాని కింద రెండే రెండు ముక్కలు కొట్టాడు: "నేను కాదు." కొట్టి, చేతులు పైకెత్తి అందరికీ చూపించాడు, ఖాళీ చేతులు చూపించే గారడీవాడిలాగా. పంపే మీట నొక్కాడు.

తెర బిగుసుకుపోయింది.

ఆ తర్వాత జరిగినదాన్ని వరుసలో చెప్పగలను గాని, జరిగింది మాత్రం వరుసలో కాదు, అంతా ఒక్కసారే. శీనన్న "సూసిండ్రా!" అని అరిచాడు. డేనియల్ లేచి, "సార్, నేనేం జెయ్యలే, రెండే ముక్కలు" అంటున్నాడు. ప్రసాదరావు సారు వంటింటి గడప వైపు రెండడుగులు వేశారు. మంచినీళ్లకు పోతున్నారనుకున్నాను. తిరిగి వచ్చేసరికి చేతిలో రోకలి ఉంది. "మీరేనండి!" అన్నారు. గొంతు ఆయనది కాదు. "మీరే చంపారండి! నేను నమ్మానండి మిమ్మల్ని!" డేనియల్ తలకు అడ్డంగా కుడిచేయి పెట్టాడు. రోజూ కొండలు పగిలే చప్పుడు విన్న చెవులకు ఆ చప్పుడు చాలా చిన్నది. ఎండిన పుల్ల విరిచినంత. పగిలిన బండ మీద నాకెప్పుడూ జాలి కలగలేదు. ఆ చిన్న చప్పుడుకు మాత్రం చెవులు మూసుకున్నాను.

రక్తం వాసన చూసినట్టు ఆ ఇద్దరు సమ్మెట మనుషులు డేనియల్ మీద పడ్డారు. నేను నడుమ దూరాను. ధైర్యం కాదు, పారిపోవడానికి ఆ గదిలో వేరే చోటు లేదు. ఒకడి మోచేయి నా నోటికి తగిలింది, ముందు పన్ను ఒకటి నా నాలుక మీదికొచ్చి కూర్చుంది. బూత్ గాజు తలుపు పగిలింది. డేనియల్ కింద పడి, విరిగిన చేతిని పొట్టకు హత్తుకుని ముడుచుకుంటే, వాళ్లు కాళ్లతో తన్నారు. చర్చి చొక్కా మీద చెప్పుల అచ్చులు. అమ్మ ఒకడి జుట్టు పట్టుకుని వెనక్కి గుంజింది. ఈ గొడవకు నాయిన లేచొచ్చాడు. ఆయనేమీ అరవలేదు. ఒకణ్ని పట్టుకుని గోడకేశాడు. రెండోవాణ్ని మెడ వంచి గడప దాటించాడు. తర్వాత సారు ముందు నిలబడి, చేతిలోంచి రోకలి తీసుకుని అమ్మకిచ్చి, ఆ ఖాళీ అయిన చేతిని చూసి, చెంప మీద ఒక్కటిచ్చాడు. కళ్లద్దాలు లారీ ట్యూబు దాకా ఎగిరాయి. "నా కిరాయిదారువని ఒక్కటితోటి ఇడిచిపెడ్తున్న" అన్నాడు. అమ్మ రోకలిని పట్టుకుని ఏడుస్తోంది. "నేను కారం దంచే రోకలయ్యా ఇది. పిల్లగాని చేతులు దంచనీకి ఇచ్చిన్నా నీకు?" సారు తన అరచేతుల్ని ఎవరివో చూస్తున్నట్టు చూసుకుంటూ నిలబడ్డారు.

నాయిన రెండు అట్టముక్కలు, అమ్మ పాతచీర పీలికలతో డేనియల్ చేతికి కట్టు కడుతున్నాడు. పనిలో చాలామందికి కట్టిన చేయి అది. వాడు పళ్లు బిగపట్టి మూలుగుతున్నాడు. నేను పన్ను ఉమ్మేసి, అలవాటు కొద్దీ సర్వరును లేపాను. ఇక్కడే శీనన్న శీనన్న అనిపించుకున్నాడు. కింద మనిషి మూలుగుతుంటే, పగిలిన గాజు తొక్కుకుంటూ వచ్చి నా కుర్చీలో కూర్చున్నాడు. గెలిచినట్టు లోకానికి తెలియాలి కదా. తన ఆఖరి తిట్టు కిందనే, దానికి జవాబుగా, "దొంగ దొరికిండు, గెలుపు మన ఖాతాల పడ్డది" అని కొట్టి మీట నొక్కాడు.

తెర బిగుసుకుపోయింది.

బయట కుక్క మొరుగుతోంది. "ఏందిది?" అన్నాడు శీనన్న. "నువ్వేరా" అన్నాను నేను, పన్ను లేని సందులోంచి గాలి పోతుంటే. "ఇగ నీ చేతికి గూడ కట్టు కడ్తరు, ఆగు." ఎవరూ నవ్వలేదు. సారు నేల మీద తడుముకుని కళ్లద్దాలు పెట్టుకున్నారు, ఒక అద్దం పగిలి ఉంది. "మల్లేశూ, మళ్లీ లేపు" అన్నారు. లేపాను. "శ్రీనివాస్ గారూ, అక్కడే మళ్లీ రాయండి." శీనన్న రాశాడు. పడింది. "ఇంకో గ్రూపులో రాయండి." పోయింది, పడలేదు. సారు శీనన్నను చొక్కా పట్టుకుని కుర్చీలోంచి లేపి, తను కూర్చుని, తను రాసుకున్న ప్రోగ్రామును తెర మీదికి తెచ్చి కిందికి, ఇంకా కిందికి చదువుకుంటూ పోయారు. ఒకచోట ఆగిపోయారు. పెళ్లి పీటల మీద తాత ముత్తాతల పేర్లన్నీ చదువుతారు చూడండి, అలా ప్రతి జవాబూ తను ఏ మాటకు జవాబో, అది ఏ మాటకు జవాబో, మొదటి మాట దాకా అందరి గుర్తులూ తన నెత్తి మీద ఒకే వరుసలో మోసుకుని రావాలి. ఆ వరుసకు సారు ఇంత చోటు చాలులే అని కొంచెం చోటు పెట్టారు. అంతకన్నా పొడుగ్గా ఇద్దరు మనుషులు ఒకే మాట మీద కొట్టుకుంటారని ఆయనకు తోచలేదు. తెనాలిలో పుట్టి కూడా తోచలేదు. వీళ్ల కొట్లాట ఆ చోటు నిండిపోయేదాకా వచ్చింది. ఇంకొక్క జవాబు ఎవరు రాసినా ఆ వరుస పొంగి పొర్లి సర్వరు పడుతుంది. ఆ జవాబు పోదు కాబట్టి ఆఖరి మాట ఎప్పుడూ శీనన్నదే, రాయాల్సిన వంతు ఎప్పుడూ డేనియల్‌దే. వంతు వాడిది, అంతే వాడి తప్పు. సారు రోజూ రాసిన "పరీక్ష" ఎవరికీ జవాబు కాదు, దానికి తాతలూ ముత్తాతలూ లేరు, అందుకే హాయిగా పోయింది.

ఇది సారు పైకి చదివినట్టు చెప్పారు. డేనియల్ కింద కూర్చుని విన్నాడు. విని, "అయితే నేను గాదు" అన్నాడు. "కాదండి" అన్నారు సారు. నాయిన శీనన్న జేబులోంచి జీపు తాళాలు తీసుకున్నాడు. అడగలేదు, తీసుకున్నాడు. శీనన్నను అక్కడే వదిలి నాయిన, సారు, నేను డేనియల్‌ను ఆ జీపులో దవాఖానకు తీసుకుపోయాం. దారిలో ప్రతి గుంతకూ డేనియల్ అరిచాడు, వాడు అరిచినప్పుడల్లా సారు "క్షమించండి" అన్నారు. చివరికి నాయినే, "నువ్వు గమ్మునుండు సారు, వాని అరుపన్న ఇననీయి" అన్నాడు.

వాళ్లమ్మ నర్సుగా ఉన్న దవాఖానే అది. ఆమె ఎక్స్‌రే చూసి, కొడుకు మొహం చూసి, మా ముగ్గురి మొహాలు చూసింది. "ఎవరు కొట్టిండ్రు?" అంది. నా పళ్ల సందు, సారు పగిలిన కళ్లద్దం ఆమెకు కనబడుతూనే ఉన్నాయి. "బండ మీదికెల్లి పడ్డమే. అందరం పడ్డం" అన్నాడు డేనియల్. ఆమె నమ్మలేదు, కానీ పిండికట్టు వేయించింది. ఆమె అటు పోగానే సారు మంచం పక్కన చేతులు కట్టుకుని నిలబడి, "ఆఫీసుకి నేనే తీసుకెళ్తానండి, ఏమైనా సరే మీకు ఆ ఉద్యోగం..." అని మొదలుపెట్టారు. డేనియల్ ఆపాడు. "ఉద్యోగం సంగతి తర్వాత సార్. ఇంట్ల నేను జెప్పుకున్న, ఆఫీసుల గూడ జెప్పుకుంట. గ్రూపుల మాత్రం మీరు రాయాలె. నేను దొంగనని అందరికి తెల్సు. కాదని గూడ అందరికి తెల్వాలె." అంతే అడిగాడు. పోలీసులన్నాడు కాదు, ఇంకొకటన్నాడు కాదు.

మరుసటి రోజు పొద్దున అమ్మ రోకలిని వేడినీళ్లతో కడిగి, ఎండలో పెట్టి, మధ్యాహ్నానికల్లా మళ్లీ కారం దంచింది. హోటలువాళ్లు ఊరుకోరు కదా. ప్రసాదరావు సారు ఆఫీసు మానేసి నా బల్ల దగ్గర కూర్చున్నారు. చాలాసేపు రాశారు, కొట్టేశారు, రాశారు. చివరికి రాసింది పంపే మీట నొక్కారు. సర్వరు పడిపోయింది. ఆయన శీనన్న తిట్టు కిందే జవాబుగా రాశారు! కారణం కనిపెట్టిన మనిషే, అదింకా బాగుచేయకముందే, చేయి అలవాటుకొద్దీ ఆ కొట్లాట కిందికే పోయింది. నేను నవ్వాను. పళ్ల సందు మండింది. ఆయన నవ్వలేదు, తల పట్టుకున్నారు. "ఎవ్వనికీ జవాబు రాయకుండ్రి సారు. కొత్తగ రాయుండ్రి" అన్నాను. ఆయన కొత్తగా, పైన వేరే పేరు పెట్టి రాశారు. పేరు: "డేనియల్ కాదు, నేను." కింద జరిగింది జరిగినట్టు ఉంది, రోకలితో సహా. "చేయి విరగ్గొట్టింది నేను. సర్వరులో తప్పు రాసింది కూడా నేనే." అది పోయింది.

నెలాఖరుకు సారు డేనియల్‌ను స్కూటరు వెనక కూర్చోబెట్టుకుని ఆఫీసుకు తీసుకెళ్లారు. చేతికేమైందని పెద్దాయన అడిగితే, బండ మీద నుంచి పడ్డానన్నాడు. ఒంటిచేత్తోనే ప్రోగ్రాము రాసి చూపించాడు. ఉద్యోగం వచ్చింది. దగ్గు పోవడానికి ఇంకో ఏడాది పట్టింది. బర్రెబండను ఆ తర్వాతి ఎండాకాలంలో పేల్చారు. మందు పెట్టింది మా నాయినే. దాని గురించి గ్రూపులో ఎవరూ ఏమీ రాయలేదు, అప్పటికి శీనన్న వేరే కొట్లాటలో ఉన్నాడు. సారు ఆ వరుసకు చోటు పెంచారు. ఆయన చోటు పెంచినరోజు నాకు ఎందుకో బాగా అనిపించలేదు. ఇప్పుడు నా ఫోనులో మా కాలనీవాళ్ల గ్రూపు ఉంది, చుట్టాల గ్రూపు ఉంది, తొమ్మిదో తరగతి వరకే చదివినా చదువుకున్నవాళ్ల గ్రూపు కూడా ఉంది. అన్నిట్లోనూ శీనన్నలు, డేనియళ్లు ఉన్నారు. పొద్దున మొదలైంది వారమైనా ఆగదు, నెలైనా ఆగదు. ఎంత కొట్టుకున్నా యంత్రం పడదు. ఎవరు కట్టారో గాని చాలా గట్టిగా కట్టారు. మా సారు సర్వరుకు ఒక హద్దు ఉండేది, దాటితే తన ప్రాణమే తీసుకునేది. ఆయన దాన్ని తప్పు అన్నారు. నేనింకా ఆ మాట ఒప్పుకోలేదు.

సారు రాసిన ఆ మాట కింద మాత్రం జవాబులు రాలేదు. బర్రెబండ మీద అంతమంది రాళ్లు వేసినవాళ్లు, డేనియల్‌ను దొంగ అన్నవాళ్లు, అందరూ తెరిచి చదివారు. నాకు కనబడేది ఎవరు తెరిచారో. ఒక్కడూ ఒక్క ముక్క రాయలేదు. డేనియల్ పిండికట్టు మోసుకుంటూ ఒక పొద్దున బస్సులో మా బూత్‌కి వచ్చి, నా పక్కన కూర్చుని, తెర మీద దాన్ని తన కళ్లతో చదువుకున్నాడు. చదివి, ఇంకా కిందికి జరిపి చూశాడు. ఖాళీ.

"ఎవ్వరు ఏమన్లేదేంది మల్లేశ్?" అన్నాడు.

"ఏమంటరు? అండ్ల కొట్లాట లేదు గద" అన్నాను.

వంటింట్లో అమ్మ రోకలి చప్పుడు. డేనియల్ ఎడమచేతిని ముందుకు చాపి, ఒక్కొక్క అక్షరాన్నీ వెతుక్కుంటూ, సారు మాట కింద ఒకే ఒక్క ముక్క కొట్టాడు: "చదివాను." పంపే మీట నొక్కి, అలవాటుగా ఊపిరి బిగపట్టాడు. నేనూ బిగపట్టాను.

సర్వరు పడలేదు.